పూజలో పెట్టిన తాళం

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో రహస్యాలను కోడ్‌గా రాసి కాపాడిన మొదటి మనిషిని నేనే. ఇటు కట్టంగూరు నుంచి అటు అచ్చంపేట దాకా ఉన్న పాల కేంద్రాలన్నీ ఒక దసరా నాడు ఉన్నట్టుండి మూగబోతే, దేవుడి గూటి ముందు పద్మాసనం వేసుకుని, ఒంటిచేత్తో, ఒకే ఒక్క కదలికతో వాటిని ఒడ్డున పడేశాను.

ఈ మాట పెళ్లి పందిళ్లలో చెప్పాను. రిటైరైన వాళ్ల సంఘం మీటింగులో చెప్పాను. మోకాళ్ల డాక్టరు దగ్గర వరుసలో కూర్చుని, పేరు పిలిచినా లేవకుండా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఇంకో రెండు కేంద్రాలు వచ్చి చేరేవి. పద్మాసనం ఆ మధ్య చేరింది. నా మోకాళ్లు చూసిన డాక్టరైనా ఆ మాట నమ్మకూడదు. ఆయన కూడా నమ్మాడు.

ఒంటిచేత్తో అన్నది నిజం. ఒక్క కదలిక అన్నదీ నిజమే. ఆ కదలిక ఏమిటో చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం ఇన్నాళ్లూ కాఫీ తెమ్మని ఎవరినో ఒకరిని కేకేసేవాణ్ని.

నేను పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అప్పటికి తెలంగాణ వచ్చి కొన్నేళ్లయింది. రిటైరైన మగవాడు ఇంటికి ఎంత అడ్డమో మా ఆవిడ మొదటి నెలలోనే విడమరిచి చెప్పింది. సరిగ్గా అప్పుడే నా పాత విద్యార్థి ఒకడు నల్లగొండ గడియారం చౌరస్తా దగ్గర, ఎరువుల దుకాణం మీది అంతస్తులో చిన్న ఆఫీసు తెరిచాడు. పల్లెల్లో పాల కేంద్రాలుంటాయి కదా. పొద్దునా సాయంత్రమూ ఆడవాళ్లు క్యాన్లలో పాలు తెచ్చి పోస్తారు, మిషను వెన్న ఎంతుందో చూస్తుంది, స్లిప్పు చేతికిస్తుంది. ఆ మిషన్ల వెనుక నడిచే సాఫ్ట్‌వేర్ మాది.

“సార్, మీరు ఊకె వచ్చి కూసోండ్రి. మీరుంటే ఆఫీసుకు ఒక బరువుంటది” అన్నాడు.

అలా పెద్దదిక్కుగా చేరాను. పెద్దదిక్కు అంటే పని లేకపోయినా కుర్చీ ఉన్నవాడని కొన్నాళ్లకు అర్థమైంది.

పనంతా ఒక అమ్మాయిది. అచ్చంపేట అవతల, నల్లమల అంచున ఉన్న ఊరు వాళ్లది. వాళ్లమ్మకు రెండు బర్రెలు. ఆమె చేరేనాటికి మా పాస్‌వర్డులు సగం వాట్సాప్ గ్రూపులో ఉండేవి, సగం గోడకున్న క్యాలెండరు వెనుక పెన్నుతో రాసి ఉండేవి. చేరిన వారంలోనే ఆమె ఆ క్యాలెండరు తిప్పి చూసి, మళ్లీ గోడకు వేసి, నా వైపు తిరిగింది.

“సార్, కింది దుకాణపాయన రోజూ మీదికొచ్చి చాయ్ తాగుతడు. ఒక్కనాడు గీ క్యాలెండర్ తిప్పిండనుకోండ్రి, జిల్లా పాలన్ని ఆయన చేతులకు పోతయి.”

“ఆయనకు గవన్ని తెల్వయి బిడ్డా” అన్నాను.

“మనకు తెల్సా సార్?” అంది.

ఆ తర్వాత ఆమె రహస్యాలు దాచే సర్వర్ ఒకటి పెట్టింది. మేము దాన్ని పెట్టె అనేవాళ్లం. పాస్‌వర్డులన్నీ ఆ పెట్టెలోకి పోయాయి. ఏ కేంద్రం మిషను ఏ పాస్‌వర్డు తీసుకోవచ్చు, తీసుకున్నది ఎంతసేపు చెల్లుతుంది, ఇవన్నీ చేత్తో మార్చకుండా కోడ్‌గా రాసింది. ఒక పనిముట్టు ఆ కోడ్‌ను చదివి పెట్టెను దానికి తగినట్టు సర్దుతుంది. తాను ఏమేం సర్దిందో గుర్తుంచుకోవడానికి అది ఒక ఫైలు రాసుకుంటుంది. దాన్ని స్టేట్ ఫైలు అంటారు. పనిముట్టుకు జ్ఞాపకం అదొక్కటే. అది చెడిపోతే ఉన్నది లేదనుకుంటుంది, లేనిది ఉందనుకుంటుంది. నా ఈడు వాళ్లకు ఇంతకంటే వివరంగా చెప్పనక్కరలేదు.

ఆ ఫైలు ఎక్కడ ఉంచాలన్న దగ్గర నేను పట్టుబట్టాను. నా ల్యాప్‌టాప్‌లో ఉండాలన్నాను. “మన గుట్టు మనింట్ల ఉండాలె గని, ఎక్కడనో క్లౌడ్ల ఎవల దగ్గరనో ఎందుకు బిడ్డా?”

“మీ ఇంట్ల ఉంటే దాని మీద మీ చాయ్ ఒలుకుతది సార్” అంది, నవ్వకుండానే. “ఇంకోటి, గా ఫైల్ల గుట్లు గూడ కనవడుతయి. అందుకే దూరం జాగల, ఎవలంటే వాళ్లు చూడకుండ పెడుతున్న. పాత నకళ్లు గూడ అక్కడ్నే ఉంటయి, ఏమన్న అయితే ఎనుకకు పోవచ్చు.”

అక్కడ ఇంకో ఏర్పాటు ఉంది. ఒకరు పని మొదలుపెట్టగానే ఆ ఫైలు మీద వాళ్ల పేరుతో తాళం పడుతుంది. పని అయ్యాక దానంతటదే ఊడుతుంది. ఇద్దరు ఒకేసారి సర్దబోతే జ్ఞాపకం చెదురుతుంది కాబట్టి ఈ జాగ్రత్త. మధ్యలో ఏదైనా తెగిపోయి తాళం అలాగే ఉండిపోతే బలవంతంగా తీయవచ్చు. అయితే తీసే ముందు అది ఎవరి పేరున ఉందో వాళ్లను అడిగి తీరాలి. ఇది ఆ అమ్మాయి పెట్టిన నియమం.

నాకు ఈ సంగతి వెంటనే ఎక్కింది. మా బావ, అంటే మా ఆవిడ అన్న, కట్టంగూరులో వ్యవసాయం చేస్తాడు. అక్కడ బోరు దగ్గర వైరు చూసేవాడు స్టార్టరు డబ్బా మీద తన తువ్వాల వేసి పోతాడు. తువ్వాల కనబడితే ఎవరూ మోటారు వేయరు. ఎంతసేపటికీ మనిషి రాకపోతే, చెలకంతా వినబడేలా కేకేసి అడిగి, జవాబు వచ్చాకే తువ్వాల తీస్తారు. జవాబిచ్చేవాడు అబద్ధం చెప్పడు. ఎందుకంటే వైరు మీద చేయి ఉన్నది అతనిదే.

ఈ తువ్వాల పోలిక నేనే ఆఫీసులో చెప్పాను. అందరికీ నచ్చింది. నచ్చడంతో నాకు ఊపొచ్చింది. ఓనరు, అదే నా పాత విద్యార్థి ముందు మొదట “మేము పెట్టినం” అన్నాను. నెల తిరిగేసరికి “నేను పెట్టించిన” అయింది. ఆ అమ్మాయి ఒకసారి తల ఎత్తి చూసి, మళ్లీ స్క్రీను వైపు తిరిగింది. పెద్దవాడు కదా అని ఊరుకుంది. నేనేమో ఒప్పుకుందనుకున్నాను.

ఆ ఏడు దసరా నాడు ఆ అమ్మాయి వాళ్ల ఊళ్లో కొత్త కేంద్రం తెరవాలని ఓనరు ముహూర్తం పెట్టించాడు. ఆ కేంద్రం వెనుక ఉన్నది ఆ అమ్మాయే. సెలవు దొరికిన ప్రతిసారీ ఇల్లిల్లూ తిరిగి, తెలిసిన వ్యాపారికి పాలు పోసే ఆడవాళ్లను ఒప్పించింది. “మిషను అబద్ధం చెప్పదు, నాది పూచీ” అని వాళ్లకు మాటిచ్చింది. ఈ కేంద్రం నడిస్తే పెట్టె తాళాలు, అంటే అందులో మార్పులు చేసే హక్కు, పూర్తిగా ఆమెకే అప్పజెబుతానని ఓనరు అన్నాడు. అప్పటిదాకా అవి ఆమె దగ్గరా నా దగ్గరా ఉండేవి. ఆమె దగ్గర పనికోసం, నా దగ్గర మర్యాదకోసం.

కొత్త కేంద్రం రావడంతో పెట్టెలో ఒక మార్పు చేయాల్సి వచ్చింది. అన్ని కేంద్రాలకూ కలిపి ఉన్న పాత అనుమతులు తీసేసి, నల్లగొండ వైపు వాటికి వేరుగా, అచ్చంపేట ఉన్న పాలమూరు వైపు వాటికి వేరుగా కొత్తవి ఇవ్వాలి. కోడ్ అంతా ఆమే రాసింది. పండుగకు ఊరు పోతూ నాకు ఒక్క పని అప్పగించింది. దసరా పొద్దున ఆ పనిముట్టును నడపడం. “నడిపి చివరి లైన్ దాక చూడుండ్రి సార్, అంతే” అంది. నాకు ఆ ‘అంతే’ నచ్చలేదు. ఇంత పెద్ద మనిషికి ఇంత చిన్న పనా అనిపించింది.

దసరా పొద్దున బావ దిగాడు. ఆయనకు కారుంది. అయినా కొత్తగా కొన్న ట్రాక్టరు తోలుకుని కట్టంగూరు నుంచి మా ఇంటికి వచ్చాడు. బంతిపూల దండలు వేసి, బొట్టు పెట్టి, మా గల్లీ సగం మూసేసి దాన్ని నిలబెట్టాడు. పూజ గూట్లో మా ఆవిడ కత్తిపీట, కొడవలి, మూలనున్న గడ్డపార కడిగి పెట్టింది. ఆయుధపూజ మా ఇంట్లో పట్టుగా చేస్తారు. పూజలో పెట్టిన వస్తువును, సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి దాని మీద పెట్టేదాకా ఎవరూ ముట్టరు.

బావ గడప మీద కూర్చుని మీసం దువ్వుకున్నాడు. “ఏం బావా, నువ్వేం పెడుతవు పూజల? ఎర్రపెన్నా, చాక్‌పీసా?”

నేను లోపలి గదిలో ల్యాప్‌టాప్ ముందు ఉన్నాను. పనిముట్టును నడిపాను. స్క్రీను మీద లైన్లు పైకి పోతున్నాయి. పాతది తీశాను, ఇంకో పాతది తీశాను అని చెప్పుకుంటూ పోతోంది. ఇంతలో మా ఆవిడ కుంకుమ గిన్నె పట్టుకుని వచ్చి, టైం దాటిపోతోందని తొందరపెట్టింది. నేను మూత మూసి, బంతిపువ్వు చుట్టి, ల్యాప్‌టాప్‌ను గడ్డపార పక్కన నిలబెట్టాను. మూత మీద మూడు వేళ్లతో పసుపు, నడుమ కుంకుమ. బావ వంగి చూశాడు.

“గిదేంది?”

“నా ఆయుధం” అన్నాను. “నీ ట్రాక్టర్ ఒక్క చెలక దున్నుతది బావా. గిది నాలుగు జిల్లాల పాలు నడిపిస్తది.”

నాలుగు కాదు, రెండు. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక బావ ముఖం చూడాలి. ట్రాక్టరు మీద నా విజయం అది. పొద్దంతా ఆ రుచి నోట్లోనే ఉంది.

పనిముట్టు సగంలో ఉండగా మూత మూస్తే ఏమవుతుంది? అది చావదు. నిద్రపోతుంది. తాళం మాత్రం అక్కడ, దూరపు జాగాలో, నా పేరు మీద అలాగే ఉంటుంది. పాత అనుమతులు కొన్ని పోయాయి, కొత్తవి ఇంకా రాలేదు. పొద్దున తీసుకున్న పాస్‌వర్డులు సాయంత్రం దాకా చెల్లుతాయి కాబట్టి పొద్దుటి పాలు ఏ ఆటంకమూ లేకుండా సాగాయి.

మధ్యాహ్నం అందరం తినడానికి కూర్చున్నాం. మా ఆవిడ మటన్ వడ్డిస్తోంది. ఫోను మోగింది. ఆ అమ్మాయి.

“సార్, పండుగ పూట పరేషాన్ చేస్తున్న, ఏమనుకోకుండ్రి. కొత్త మిషను పాస్‌వర్డ్ తీసుకుంటలేదు. చూస్తే తాళం మీ పేరు మీద ఉన్నది. ఏమన్న నడుపుతున్నరా?”

“లేదు బిడ్డా. పొద్దుగాలనే అయిపోయింది.”

“చివరి లైన్ చూసిండ్రా?”

బావ ఎముక పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. గూట్లో నా ఆయుధం పసుపు కుంకుమలతో వెలిగిపోతోంది.

“చూసిన.”

“ఒక్కసారి ల్యాప్‌టాప్ తెరిచి చూస్తరా సార్? జర నా మనసుకు.”

తెరవాలంటే పూజలోంచి తీయాలి. తీస్తే మా ఆవిడ ఊరుకోదు. అంతకంటే ముఖ్యం, నాలుగు జిల్లాల ఆయుధం మధ్యాహ్నానికే మొరాయించిందని బావకు తెలుస్తుంది. “చూసిన అన్న గద బిడ్డా. నెట్ ఇట్లనే సతాయిస్తది. తాళం తియ్యి. ఏం ఫికర్ లేదు” అన్నాను.

అడగాల్సిన మనిషిని ఆమె అడిగింది. జవాబు తీసుకుంది. తాళం తీసింది. పండుగ దాటేదాకా ఉండనీ అని పాత అనుమతులు మళ్లీ పెట్టి, కొత్త కేంద్రానికి కావలసినవి చేర్చి, పని ముగించింది. మిషను పలికింది. కొబ్బరికాయ కొట్టారు. మొదటి క్యాను వాళ్లమ్మదే. స్లిప్పు ఫొటో నాకూ పంపింది. అందులో స్లిప్పు పట్టుకున్న చేయి మాత్రమే కనబడుతుంది, గాజుల చేయి. నేను దాన్ని బావకు చూపించి, “చూసినవా, ఇక్కడ కూసొని నల్లమల్ల పని చేయించిన” అన్నాను.

సాయంత్రం జమ్మి దగ్గరికి పోయి వచ్చాం. దసరా నాడు చూస్తే మంచిదనే పాలపిట్ట ఈసారి కూడా కనబడలేదు. బావ మాత్రం చూశానన్నాడు. ఒకరికొకరం జమ్మి ఆకు ఇచ్చుకుని, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుని, ఇంటికొచ్చి పూజలోని వస్తువుల మీద తలా ఒక ఆకు పెట్టాం. నా ల్యాప్‌టాప్ మీద రెండు పెట్టాను. గూటి ముందే పీట వేసుకుని కూర్చుని, బావ చూస్తుండగా మూత తెరిచాను.

స్క్రీను వెలిగింది. ఒక్క క్షణం ఆగి, లైన్లు కదలడం మొదలుపెట్టాయి. పొద్దున ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే.

“చూడు బావా, నిద్ర లేవంగనే పనికెక్కింది. నీ ట్రాక్టర్‌కు అయితదా?”

అది ఎక్కిన పని ఏమిటంటే, ఆ అమ్మాయి మధ్యాహ్నం తిరిగి పెట్టిన పాత అనుమతులను ఒక్కొక్కటే తీసేయడం. తీసేసి, తన పొద్దుటి జ్ఞాపకాన్ని ఆమె జ్ఞాపకం మీద రాసేయడం.

బావ ఫోను ముందు మోగింది. కట్టంగూరు నుంచి ఆయన భార్య. ఆమె గొంతు మాకందరికీ వినబడింది. “మిషను బందయింది. పాలు పోసుకుంటలేరు. క్యాను పట్టుకొని లైన్ల నిలబడ్డ, ఇంట్ల దీపం గూడ పెట్టలే.” బావ నా వైపు చూశాడు. ఆ వెంటనే నా ఫోను మోగింది.

“సార్, ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ ఏం చేస్తాంది?”

“ఏం చేస్తలేదు బిడ్డా. ఇప్పుడే తెరిచిన.”

ఆమె వెనుక ఆడవాళ్ల గొంతులు. మళ్లీ ఆగిందా అని ఒకరు, నేను ముందే అన్న గదా అని ఇంకొకరు.

“మూత ముయ్యండ్రి సార్.”

“బిడ్డా, నేనేమన్న సహాయం...”

“మీరేం చెయ్యకుండ్రి. మూత ముయ్యండ్రి. నేను చెప్పేదాక తెరవకుండ్రి.”

మూశాను. ఒంటిచేత్తో. ఒకే కదలికతో. నేను పాల కేంద్రాలను కాపాడిన వైనం ఇదే. పద్మాసనం కాదు, పీట.

మిగతాదంతా ఆమె చేసింది. కొత్త కేంద్రం గడప మీద కూర్చుని, తన చుట్టూ తన ఊరి ఆడవాళ్లు నిలబడి ఉండగా, దూరపు జాగాలో ఉన్న పాత నకళ్లలోంచి సరైన స్టేట్ ఫైలు వెనక్కి తెచ్చి, పెట్టెలో నిజంగా ఏముందో దానితో సరిచూసుకుంటూ ఒక్కో అనుమతి నిలబెట్టింది. కట్టంగూరులో దీపాలు పెట్టే వేళ దాటాక మిషను పలికింది. వాళ్ల ఊళ్లో పలికేసరికి లైను లేదు. పండుగ పూట ఎంతసేపని నిలబడతారు, క్యాన్లు ఎత్తుకుని ఇళ్లకు పోయారు. వాళ్లమ్మ ఒక్కతే మిగిలిందట, ఆమె పాలు ముందే పోసేసింది కాబట్టి.

బావ పోయేముందు ట్రాక్టరు ఎక్కి కూర్చుని నాతో అన్న మాట ఒకటుంది. “బావా, తువ్వాలేసి మర్చిపోవుడు తప్పు గాదు, అందరికి అయితది. నీదేనా అని కేకేసి అడిగితే, నాది కాదు, మోటరెయ్యి అన్నవు సూడు.” ఇంకేమీ అనకుండా బండి స్టార్ట్ చేశాడు. దాని చప్పుడులో నేనేం చెప్పినా వినబడదు కాబట్టి చేయి ఊపాను.

పండుగ తర్వాత ఆఫీసులో ఓనరు మా ఇద్దరినీ కూర్చోబెట్టాడు. తాళం బలవంతంగా తీసిన రికార్డులో ఆమె పేరుంది.

“ఎందుకు తీసినవ్?” అన్నాడు.

“సార్‌ను అడిగిన అన్నా. అయిపోయింది, చూసిన అన్నరు.”

ఇద్దరూ నా వైపు తిరిగారు. వాడు నా శిష్యుడు. నా ముందు ఇప్పటికీ కాలు మీద కాలు వేసుకోడు. ఆ కళ్లలో నేను పొరపాటు చేయగలనన్న అనుమానం కూడా లేదు. ఒక్క వాక్యం చాలు. నేను ఆ వాక్యం అనలేదు.

“నాకు అయినట్టే కనవడ్డది తమ్మీ. నెట్ మోసం చేసుంటది. పిల్ల గూడ ఊళ్లె కేంద్రమాయె, జర తొందరపడ్డది.”

తొందరపడ్డది. ఆ మాట నేను వెతుక్కోలేదు. తనంతట అదే వచ్చింది. చక్కగా, ఆప్యాయంగా, పెద్దమనిషి మాటలా వచ్చింది. ఆ అమ్మాయి నన్ను కోపంగా చూసి ఉంటే కొంత తేలికయ్యేది. ఆమె తన చెప్పుల వైపు చూసింది. పెట్టె తాళాలు ఆమె దగ్గర నుంచి తీసి నా ఒక్కడి చేతిలో పెట్టాడు ఓనరు. ఇప్పుడు అవి ఆమె దగ్గరే ఉన్నాయి, ఉండాల్సిన చోటే. ఎలా చేరాయో చివర చెబుతాను. ఆ చేరడంలో నా గొప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత ప్రతి చిన్న మార్పుకూ ఆమె నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడేది. తాను రాసిన కోడ్, తాను పెట్టిన నియమం, తాను తెచ్చిన పెట్టె. “సార్, జర నడుపుతరా?” అని అడిగేది. నేను నడిపేవాణ్ని. చివరి లైను దాకా చూసేవాణ్ని. ఆమె నా వెనుక నిలబడి చూసేది. అప్పుడు మెడ వెనుక వేడిగా ఉండేది నాకు. ఏసీ పెంచమని ఎవరినో అనేవాణ్ని.

అయినా బుద్ధి రాలేదు. దసరా కథ అప్పటికే నా నోట్లో తయారైపోయింది. సంఘం మీటింగులో మొదటిసారి చెప్పినప్పుడు చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టాక మనిషి ఎక్కడ ఆగుతాడు?

కార్తీకంలో సంఘం వాళ్లం యాదగిరిగుట్ట పోయాం. దర్శనం వరుసలో ఫోను మోగకుండా సైలెంట్‌లో పెట్టాను. బయటికొచ్చి పులిహోర తింటూ, పక్కాయనకు పాల కేంద్రాల కథ చెబుతూ, దాన్ని తీసి చూడటం మరిచిపోయాను. ఆ రోజే ఆ అమ్మాయి ఊరి కేంద్రంలో మిషను చెడిపోయి కొత్తది పెట్టారు. కొత్త మిషనుకు పెట్టెలో అనుమతి ఇవ్వాలి. ఇవ్వగలిగింది నేనొక్కణ్నే. ఆ అమ్మాయి ఎన్నిసార్లు చేసిందో తర్వాత ఫోనులో చూశాను. లెక్కపెట్టలేదు, కిందికి జరుపుతూ పోయాను. ఆ పూట కూడా ఆడవాళ్లు క్యాన్లు ఎత్తుకుని వెనక్కి పోయారు. ఈసారి పాత వ్యాపారి గడపకే పోయారు.

రెండు రోజులకు ఆమె మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ రాలేదు అంతకుముందు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది.

“సార్, నేను మానేస్తున్న. అన్నకు చెప్పే ముందు మీకు చెప్పాలనిపిచ్చింది.”

“ఎందుకు బిడ్డా?”

“మా ఊరోళ్లకు నేనే గద పూచీ అన్న. మా అవ్వ బాయికాడికి పోతే అడుగుతున్నరంట, నీ బిడ్డ చేతుల ఏముందని. ఏం లేదు సార్ నా చేతుల. ఉత్త చేతులతోటి ఎట్ల నిలబడాలె అక్కడ?” ఆమె గొంతు పెంచలేదు. “తప్పు చేసి తాళాలు పోతే గూడ గింత బాధ లేకుండె. అడిగి తీసిన.”

మా ఆవిడ చాయ్ తెచ్చి ఆమె చేతికిచ్చింది. నా కప్పు మా ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. “ఏం తాళాలు?” అంది. “దసరా నాటి ముచ్చటేనా? నువ్వే సరిచేసినవని అందరికి చెప్తున్నవు గద?”

నేను పొడిపొడిగా చెప్పాను. ఆఫీసులో తాళాలు ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరికి వచ్చాయో విన్నాక మా ఆవిడ నా కప్పు తీసుకెళ్లి బల్ల మీద, నాకు అందనంత దూరంలో పెట్టింది.

“ఫోన్ చెయ్యి.”

“రేపు ఆఫీసుల...”

“ఇప్పుడు. మా అందరికి వినవడేటట్టు పెట్టు.”

చేశాను. స్పీకరు పెట్టాను. ఓనరు “సార్, చెప్పుండ్రి సార్” అన్నాడు, ఎప్పటిలాగే నిలబడి మాట్లాడుతున్నట్టు. ఆ అమ్మాయి చాయ్ తాగకుండా పట్టుకుని కూర్చుంది. నేను గొంతు సవరించుకున్నాను. నిజం చెప్పడానికే నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా అదే అనుకున్నాను.

“తమ్మీ, దసరా నాడు జర పొరపాటయింది. పిల్ల తప్పేం లేదు. పూజ టైం అయితాందని ఇంట్ల తొందరపెట్టిన్రు. పని నడుస్తుండంగనే మూత పడ్డది. నేను చూసుకోలే. అయిపోయిందనుకొని చెప్పిన...”

మా ఆవిడ ఫోను మీదికి వంగింది.

“మూత పడలే తమ్మీ, ఈయననే మూసిండు. నేనేం తొందరపెట్టలే, పనైనంకనే తే, దేవుడు యాడికి పోతడు అన్న. మా అన్నకు చూపియ్యాలని మూసిండు. సగమే అయిందని నాతోని చెప్పుకుంటనే మూసిండు. పిల్ల ఫోన్ చేసి అడిగితే అయిందన్నడు. నేను పక్కనే ఉన్న, మటన్ వడ్డిస్తున్న.”